జీపు బండి – డీజిలు యంత్రము

ఊరి పొలిమేరలో జీపు చప్పుడు వినబడగానే పిల్లలు వీధిలోనికి పరుగెత్తిన రోజులు మన పెద్దలలో పలువురికి జ్ఞాపకముండును. అందులో వచ్చునది తహసీల్దారుగారో, మలేరియా నిర్మూలన సిబ్బందియో, ఎన్నికల అభ్యర్థియో బండి ఆగువరకు తెలియదు. చప్పుడు మాత్రము దూరమునుండియే తెలియును. రేడియో శ్రోతలు చెవితో లోకమును గుర్తుపట్ట నేర్చినవారు గనుక, వారికి మరియొక సంగతి కూడ జ్ఞాపకము చేయవచ్చును. ఒక తరము వారు విన్న జీపు చప్పుడు వేరు, తరువాతి తరము వారు విన్నది వేరు. మొదటిది పెట్రోలు ఇంజను యొక్క సన్నని గొంతు. రెండవది డీజిలు ఇంజను యొక్క టకటక ధ్వని. బండి రూపు మారలేదు, గొంతు మారినది. ఆ మార్పు ఎట్లు జరిగినది, ఎవరు చేసిరి, దానివలన కలిగిన లాభమెంత, ఒడిగట్టిన అపాయమెంత అనునది నేటి ప్రసంగమునకు విషయము.

జీపు యుద్ధములో పుట్టిన బండి. 1940లో అమెరికా సైన్యము తేలికయై, నాలుగు చక్రములకును బలమందు చిన్న బండి కావలెనని కర్మాగారములను కోరినది. పెన్సిల్వేనియా రాష్ట్రములోని బట్లరు పట్టణమందలి బాంటమ్ అను చిన్న సంస్థ 49 దినముల గడువులో తొలి నమూనాను సిద్ధపరచి, 1940 సెప్టెంబరు 23వ తేదీన సైన్యమునకు అప్పగించినది. దాని రూపకర్త కార్ల్ ప్రాబ్స్ట్ అను ఇంజనీరు. కాని పెద్ద ఎత్తున తయారు చేయుటకు బాంటమ్ సంస్థకు శక్తి చాలలేదు. ఆ పని విల్లీస్, ఫోర్డు సంస్థలకు దక్కినది. యుద్ధము ముగియునాటికి 6 లక్షల 40 వేలకు పైగా జీపులు తయారైనవి. విల్లీస్ ఇంజను 2,199 ఘన సెంటీమీటర్ల పరిమాణము, 60 అశ్వశక్తుల బలము గలది. బండి బరువు సుమారు 1,100 కిలోగ్రాములు. అట్టి బండికి అంత బలము మిక్కిలియే. బురదలో, ఇసుకలో, ఏటి గండిలో జీపు సాధించిన కీర్తికి మూలమిదియే.

ఇది పెట్రోలు ఇంజను అని మనము మరువరాదు. యుద్ధములో ఇంధనము ఖరీదు ఎవ్వరును లెక్కింపరు. శాంతికాలములో లెక్కింపక తప్పదు. మన కథ అంతయు ఈ లెక్కలోనే యున్నది.

యుద్ధానంతరము మిగులు జీపులు లోకమంతట వేలమునకు వచ్చినవి. మన దేశములోను పలువురు వానిని కొని, బాగుచేసి వాడుకొనిరి. పాత జీపులను బాగుచేయుట ఎంత చిక్కు వ్యవహారమో ప్రభుత్వమునకు కూడ త్వరలోనే తెలియవచ్చెను. 1948లో సైన్యము కొరకు విదేశములలో కుదుర్చుకొన్న పాత జీపుల బేరము స్వతంత్ర భారతమున తొలి పెద్ద కొనుగోలు వివాదమై, పార్లమెంటులో చర్చలకు తావిచ్చినది. పైకి రంగు వేసినంత మాత్రమున లోపలి అరుగుదల మాయము కాదను పాఠము దేశమునకు ఆనాడే దొరకినది.

ఆ రోజులలోనే బొంబాయిలో మహీంద్రా సంస్థ విల్లీస్ వారి విడిభాగములను తెప్పించి జీపులను కూర్చుటకు పూనుకొనినది. 1945లో ఉక్కు వ్యాపారముతో ఆరంభమైన సంస్థ అది. క్రమముగా విడిభాగములను కూడ ఇచ్చటనే తయారు చేయనారంభించిరి. ఎత్తైన బానెట్టు గల సీజే-3బి అను రకము మన దేశములో దశాబ్దముల పాటు తయారైనది. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకములు ప్రారంభమైన పిదప బ్లాకు కార్యాలయమున్న ప్రతి చోటికి జీపు చేరినది. నాగార్జునసాగరము వంటి ప్రాజెక్టుల పనిచోట్ల, విశాఖ, గోదావరి ఏజెన్సీ ప్రాంతములలో, ఎద్దుబండి తప్ప మరియొక బండి యెరుగని దారులలో అది తిరుగాడినది. ప్రభుత్వపు బండిగా నున్నంత కాలము పెట్రోలు ఖర్చు ఖజానాది. అది వేలములో అమ్ముడై రైతు చేతికో, చిన్న కంట్రాక్టరు చేతికో వచ్చిన నాటినుండి ఆ ఖర్చు మోయలేని బరువైనది.

ఇచ్చట డీజిలు యంత్రము ప్రవేశించును. పెట్రోలు ఇంజనులో ఇంధనమును, గాలిని ముందే కలిపి, ఆ మిశ్రమమును అదిమి, ప్లగ్గుతో నిప్పురవ్వ పుట్టింతురు. విల్లీస్ ఇంజనులో గాలిని అదుము నిష్పత్తి ఇంచుమించు ఆరున్నరకు ఒకటి. డీజిలు ఇంజనులో ప్లగ్గు లేదు. గాలిని మాత్రమే, 17 మొదలు 22 వంతుల వరకు అదుముదురు. అట్లు అదిమిన గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడెక్కును. ఆ వేడి గాలిలోనికి డీజిలును పొగమంచు వలె చిమ్మినచో అది తనంతట తానే మండును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున ఈ సూత్రముపై నడచు యంత్రమును ప్రదర్శించెను. ఇంధనములోని శక్తిలో నూటికి 26 పాళ్ళు పనిగా మారినట్లు ఆనాటి పరీక్షలో తేలినది. ఆ కాలపు ఆవిరి యంత్రములకు అందని ఫలితమది.

అంత ఒత్తిడిని తట్టుకొనవలెను గనుక డీజిలు ఇంజను బరువైనది. తొలుత ఓడలలో, విద్యుత్కేంద్రములలో స్థిరపడి, తరువాత లారీలకు, 1936లో మెర్సిడెస్ కారునకు వచ్చినది. ఇంగ్లండులో 1948లో వెలసిన లాండ్ రోవరు బండికి 1957లో 2 లీటర్ల డీజిలు ఇంజను వచ్చినది. అంతకు పూర్వమే పీటర్‌బరోలోని పెర్కిన్సు సంస్థ ఇంజనులను పాత పెట్రోలు బండ్లలో బిగించుకొనువారు బయలుదేరిరి. 1961లో అమెరికాలో జీపు తయారీదారులే సీజే-5 రకములో పెర్కిన్సు డీజిలు ఇంజనును కోరినవారికి అమర్చి ఇచ్చుచుండిరి. కావున మన మేస్త్రీలు చేసిన పని లోకములో లేనిది కాదు. అయితే వారు చేసిన తీరు వారిదే.

ఆ తీరునకు నేల ముందే సిద్ధమై యుండెను. కృష్ణా గోదావరి డెల్టాలలో, రాయలసీమ బావుల వద్ద ఆయిలింజను తెలియని రైతు అరుదు. దానిని విప్పి బిగింపగల మేస్త్రి ప్రతి ఫిర్కాలో నొకడుండెను. 1954లో జంషెడ్‌పూరులో టాటా సంస్థ జర్మనీ సహకారముతో డీజిలు లారీలు తయారు చేయ మొదలిడినది. మద్రాసు వద్ద ఎన్నూరులో లేలండు లారీలు, మద్రాసులోనే సింప్సను వారి పెర్కిన్సు ఇంజనులు అదే దశకములో వెలువడినవి. 1951లో బెంగుళూరులో స్థాపితమైన మైకో సంస్థ డీజిలు పంపులను, నాజిళ్ళను దేశములోనే తయారు చేసినది. ఈ చివరి సంగతి మిక్కిలి ముఖ్యమైనది. డీజిలు ఇంజనుకు పంపు గుండె వంటిది. ఆ పంపు లోపలి మీటకును దాని గొట్టమునకును మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యవ వంతుల లెక్కలో నుండును. అది ఇచ్చట దొరకని నాడు ఎంత గొప్ప మేస్త్రి యైనను చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే.

1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధము వచ్చినది. పీపా ముడి చమురు ధర సుమారు 3 డాలర్ల నుండి కొద్ది నెలలలో 12 డాలర్ల దరిదాపులకు ఎగబ్రాకినది. మన దేశములో వ్యవసాయమునకు, సరకుల రవాణాకు అవసరమని డీజిలుపై పన్ను తక్కువగా నుంచిరి. పెట్రోలు మాత్రము సంపన్నుల వస్తువుగా లెక్కకు వచ్చినది. డీజిలు చవుక, అదియు గాక అదే దూరమునకు తక్కువ ఖర్చగును. జీపు యజమానికి ఈ రెండు లాభములు కలసి కనబడినవి. విజయవాడ ఆటోనగరు వంటి చోట్లను, లారీలు ఆగు ప్రతి పట్టణపు పొలిమేరలోను పెట్రోలు ఇంజనును దింపి డీజిలు ఇంజనును ఎక్కించు షెడ్లు వెలసినవి.

కర్మాగారము కూడ అదే దారి పట్టినది. 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ సంస్థల కలయికతో ఏర్పడిన ట్రాక్టరు సంస్థ నుండి వచ్చిన బి-275 ట్రాక్టరు రైతులకు పరిచితమే. ఆ వంశపు డీజిలు ఇంజను జీపులోనికి వచ్చినది. పిమ్మట 1980 దశకములో ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ నమూనాలో 2,112 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చినది. జబల్పూరులో సైన్యము కొరకు తయారైన జోంగా బండిలో 3,956 ఘన సెంటీమీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండెను. వేలములో దానిని కొనినవారు దాని దాహమునకు వెరచి, లారీ డీజిలు ఇంజనులను అమర్చుకొనిరి.

ఇక పని జరుగు తీరు చూతము. ఇంజనును మార్చుట యనగా ఒకటి తీసి ఒకటి పెట్టుట కాదు. కొత్త ఇంజను వెనుక భాగము పాత గేరుపెట్టెకు అతుకదు. రెంటికి నడుమ దళసరి ఉక్కుపలకను లేతుపై తిరిగి, రంధ్రములు తొలిచి బిగింపవలెను. ఇంజను ఇరుసు, గేరుపెట్టె ఇరుసు ఒకే సరళరేఖలో నుండవలెను. వెంట్రుకవాసి తప్పినను బేరింగులు అరగును, క్లచ్చి అదరును. డీజిలు అదురు ఎక్కువ గనుక రబ్బరు దిమ్మలు సరిగా లేనిచో చట్రము పగులును. ముందు ఇరుసుపై బరువు పెరుగును గనుక కమానులకు అదనపు రేకులు చేర్పవలెను. యుద్ధకాలపు జీపులో 6 వోల్టుల విద్యుత్తు మాత్రమే యుండెను. డీజిలు ఇంజనును తిప్పుటకు అది చాలదు. 12 వోల్టుల బ్యాటరీ, బలమైన స్టార్టరు, వాటికి తగిన తీగలు అన్నియు మార్పవలెను.

వేగము విషయము మరింత సూక్ష్మమైనది. విల్లీస్ ఇంజను నిమిషమునకు 4,000 చుట్లు తిరుగగలదు. ట్రాక్టరు వంశపు ఇంజను సుమారు 2,000 చుట్ల దగ్గరనే నెమ్మదించును. సీజే-3బి ఇరుసులలో చక్రము ఒక చుట్టు తిరుగుటకు పై గేరులో ఇంజను 5.38 చుట్లు తిరుగవలెను. జీపు చక్రపు చుట్టుకొలత రెండుంబాతిక మీటర్లు. లెక్కించి చూచినచో 2,000 చుట్ల వద్ద బండి వేగము గంటకు సుమారు 50 కిలోమీటర్లు మాత్రమే. పాత సైనిక జీపు నుండి తీసిన 4.88 నిష్పత్తి గల పళ్ళచక్రములు వేసినచో అది 55 కిలోమీటర్లగును. ముందు ఇరుసులో ఒక నిష్పత్తి, వెనుక ఇరుసులో మరియొకటి ఉంచిన మేస్త్రీలు కూడ లేకపోలేదు. అట్టి బండిని నాలుగు చక్రముల గేరులో వేసినచో ముందు చక్రములు ఒక లెక్కకు, వెనుక చక్రములు మరియొక లెక్కకు తిరుగబోయి, నడుమనున్న ట్రాన్స్‌ఫర్ కేసు నలిగిపోవును. నిష్పత్తులు సరిగా నున్న జీపునైనను గట్టి తారురోడ్డుపై నాలుగు చక్రముల గేరులో నడుపరాదు. మలుపులో ముందు చక్రములు వెనుక వానికన్న ఎక్కువ దూరము పోవును. బురదలో చక్రము జారి సర్దుకొనును, తారుపై సర్దుకొనదు.

అన్నింటికన్న ముఖ్యమైనది బ్రేకు. పెట్రోలు ఇంజను గాలిని పీల్చు గొట్టములో కవాటముండును గనుక అచ్చట శూన్యము ఏర్పడును. పలు బండ్లలో ఆ శూన్యమే బ్రేకునకు సాయపడును. పాత జీపులలో వానతుడుపు కూడ ఆ శూన్యముతోనే ఆడును. డీజిలు ఇంజనులో అట్టి కవాటము లేదు, శూన్యము లేదు. దానికి వేరుగా పంపు అమర్పవలెను. ఆ పంపు ఇంజను తిరుగునంత వరకే పనిచేయును.

ఈ సత్యము మేము పుస్తకములో గాక దారిలో నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరముల క్రిందట గిరిజన గ్రామములలో పాటలు రికార్డు చేయుటకై అద్దె జీపులో అరకు వైపు పోయి, తిరుగు ప్రయాణములో అనంతగిరి ఘాటు దిగుచుంటిమి. అది ఇంజను మార్చిన బండి. బ్రేకునకు శూన్యపు సాయము తరువాత చేర్చినది. డీజిలు ఆదా యగునని డ్రైవరు ఇంజను ఆపివేసి పల్లమున బండిని జారవిడిచెను. మొదటి మలుపున బ్రేకు పట్టినది. రెండవ మలుపున కొంచెము పట్టినది. మూడవ మలుపున పాదము క్రింద రాయి వలె బిగిసినది. అతడు అనుభవజ్ఞుడు; గేరులోనికి నెట్టి, కొండవైపు గట్టునకు బండిని ఒరసి ఆపెను. మాకు గీతలు తప్ప గాయములు లేవు. రికార్డింగు యంత్రము పెట్టె మాత్రము చొట్ట పడినది. తప్పు ఇంజనుది కాదు. మార్పు చేసినవారు మార్పు యొక్క నియమమును నడుపువారికి చెప్పకపోవుటయే తప్పు. ఆ రోజు మొదలు పాత బండి ఎక్కునపుడు మేము అడుగు మొదటి ప్రశ్న దాని బ్రేకును గూర్చియే.

మరమ్మతు చేయువానికి కూడ అపాయము తక్కువ కాదు. ఇంధనపు గొట్టములో గాలి చేరినచో డీజిలు ఇంజను కదలదు. మరను కొంచెము వదులుచేసి, బుడగలు ఆగువరకు చేతిమీటతో పంపు కొట్టి గాలిని తీయవలెను. పల్లెటూరి డ్రైవరులందరికి తెలిసిన విద్య ఇది. కాని నాజిల్ పరీక్షించునపుడు దాని ధారకు చేయి అడ్డము పెట్టరాదు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మమును తొలుచుకొని లోనికి పోవును. పైకి సూదిపోటు వలె కనబడు ఆ గాయము చేతినే పోగొట్టగలదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. పొగ విషయము అందరికి సంబంధించినది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ, డీజిలు పొగ మానవులలో కాన్సరు కలిగించునని నిర్ధారించినది. మూసిన షెడ్డులో ఇంజనును నడిపించి చప్పుడు వినుచు జీవితము గడిపిన మేస్త్రీలకు ఈ హెచ్చరిక ఆలస్యముగా అందినది.

బండిని సాగదీసి, వెనుక బల్లలు వేసి, పదిమంది కూర్చుండు చోట ఇరువదిమందిని ఎక్కించుట మరియొక మార్పు. బస్సు పోని ఊళ్ళకు ఆ జీపులే దిక్కైనవి. ప్రసవవేదన పడు స్త్రీని ఆసుపత్రికి చేర్చినవి అవియే. లోయలలో బోల్తాపడి కుటుంబములను దుఃఖములో ముంచినవియు అవియే. చట్టము ఈ విషయమున మొదటినుండి మౌనముగా లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, అనుమతి లేక బండిని మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు, తయారీదారు నిర్దేశించిన మూలలక్షణములకు విరుద్ధముగా బండిని మార్చుటకు వీలులేదని తీర్పు చెప్పినది. ఇంజను సంఖ్య మారినచో రిజిస్ట్రేషను పత్రములో నమోదు కావలెను. నమోదు కాని బండి దారిలో నడచినను, ప్రమాదము జరిగిన నాడు బీమా కొరకు న్యాయస్థానములో నడువలేదు.

ఈ కథనుండి మనము గ్రహింపవలసినదేమి? పాత బండ్లన్నియు పవిత్రములని మేమనుట లేదు. పొగ చిమ్ము బండి, బ్రేకు లేని బండి దారి తొలగవలసినదే. కాని ఒక దేశము బీదదైన కాలములో, యుద్ధములో మిగిలిన బండిని, పొలములోని ఇంజనును, లారీ మేస్త్రి నేర్పును ఒకచోట చేర్చి, నలుబది ఏండ్ల పాటు కొండలెక్కించిన చరిత్ర చిన్నది కాదు. ఆ పనిలో ఉక్కుపలక కొలతలు, గేరు లెక్కలు, బ్రేకు జాగ్రత్తలు చాలవరకు కాగితమెక్కలేదు. అవి మేస్త్రీల చేతులలోను, చెవులలోను నిలిచినవి. ఇంజను చప్పుడు విని, ఏ సిలిండరులో నాజిల్ చెడినదో చెప్పగల వృద్ధులు ఇంకను మన పట్టణములలో నున్నారు. వారిలో పలువురి శిష్యులు ఇప్పుడు ఇతర వృత్తులకు పోయినారు.

బండ్లను ప్రదర్శనశాలలో నుంచుట సులభము; చేతి విద్యను ఉంచుట సులభము కాదు. పాలిటెక్నికు విద్యార్థులు తమ ఊరి షెడ్డునకు పోయి, ఆ పెద్దల కొలతలను, పొరపాట్లను కూడ, వ్రాసి పెట్టుకొనినచో అది మంచి సేవ. పొరపాట్లను కూడ అని మేము ప్రత్యేకముగా చెప్పుచున్నాము. నేడు పాత బండ్లలో బ్యాటరీతో నడచు మోటార్లను అమర్పవలెనని ప్రయత్నించువారు కలరు. ఇంజను మారిన యెడల బరువు మారును, వేగము మారును, బ్రేకు మారును అను పాఠము వారికిని పనికివచ్చునదే. ఒకమారు ఘాటు దారిలో నేర్చిన దానిని మరల ఘాటు దారిలోనే నేర్చుకొన నవసరము లేదు.